అలసతయా? అరతియా?

తెలుగునాట కొన్ని ఊళ్లు తమ ప్రమేయమేమీ లేకుండానే జాతీయాలలోకి ఎక్కినవి. హైదరాబాదు వైపు ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడితే ‘ఎర్రగడ్డ పంపాలి’ అంటారు. మా కోస్తా జిల్లాలలో అదే సందర్భానికి ‘విశాఖపట్నం పంపాలి’ అంటారు. ఓడరేవు చూపించడానికో, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వేయించడానికో పంపుతారని అమాయకుడెవడైనా అనుకుంటే అనుకోవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు మదరాసు రాజధానిలో నెలకొల్పిన పిచ్చాసుపత్రులలో ఒకటి వాల్తేరులో ఉండడమే ఈ నగరానికి ఆ ఖ్యాతి తెచ్చిపెట్టినది. నేడది ప్రభుత్వ మానసిక వైద్యశాల. 1923లో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాల విద్యార్థులు ఈ శాఖలో శిక్షణ పొందేది అక్కడనే. శ్రీకాకుళం నుంచి, గోదావరి తీరాలనుంచి, మన్యం నుంచి జబ్బుపడ్డ బిడ్డలను వెంటబెట్టుకొని తల్లిదండ్రులు నేటికీ అక్కడికి వస్తూనే ఉన్నారు. గుండెజబ్బువానిని ఎగతాళి చేయడానికి ఏ ఆసుపత్రి పేరూ మన భాషలో సామెత కాలేదు. ఈ ఒక్క జబ్బుకే ఆ గౌరవం దక్కినది.

ఈ మాట బజారులో వినిపిస్తే విని ఊరుకోవచ్చును. తరగతి గదిలో, అందునా ఉపాధ్యాయుని నోట వినిపిస్తే మాత్రం ఊరుకోరాదని నా అభిప్రాయం. అయితే దానికంటె ఎక్కువ అపకారం చేసే మాట మరొకటి మన బడులలో ప్రతి గంటా వినిపిస్తున్నది. ఆ మాటను ఎవరూ తిట్టుగా కూడా పరిగణించరు. అది ‘బద్ధకం’. పోయిన ఏడు లెక్కలలో ముందుండిన పిల్లవాడు ఈ ఏడు పుస్తకం తెరవడు. పిలిస్తే పలుకుతాడు, అడిగితే తల ఊపుతాడు, అంతకు మించి కదలడు. ఆటస్థలంలో బంతి దొర్లుకుంటూ కాళ్లదాకా వచ్చినా తన్నడు. తల్లి వచ్చి, ‘అయ్యా, ఇంటి దగ్గరా ఇంతేనండి. ముద్ద కలిపి చేతిలో పెడితే తింటాడు, తనంత తాను లేచి కంచం దగ్గరికి రాడు’ అని చెప్పుకుంటుంది. మనం రెండు మాటలలో తేల్చివేస్తాము: ‘బద్ధకమమ్మా, నాలుగు తగిలించండి.’ ముప్పై ఏళ్లుగా తెలుగు పాఠం చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి. మెదడు శాస్త్రం నా విద్య కాదు. అయినా ఆ తల్లి చెప్పిన మాటలో ఒక గొప్ప శాస్త్రసత్యం దాగి ఉన్నదనీ, దానిని కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులకు నలభై ఏళ్లు పట్టినదనీ చదివినప్పటినుంచి, ఆ సంగతి మన ఉపాధ్యాయ లోకానికి మనవి చేయాలన్న కోరిక పుట్టినది.

ఆ కథ 1954లో కెనడా దేశపు మాంట్రియల్ నగరంలో మొదలైనది. మెగిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఒక ఎలుక మెదడులోనికి సన్నని తీగను దింపి, ఒక మీట నొక్కితే ఆ చోటికి కొద్దిపాటి విద్యుత్తు అందేటట్లు ఏర్పాటు చేసినారు. మీట నొక్కే పని ఎలుకదే. మెదడులోని కొన్ని చోట్ల తీగ ఉన్నప్పుడు ఆ ప్రాణి విసుగూ విరామమూ లేకుండా మీటను నొక్కుతూనే ఉన్నది. మెదడులో ‘ఆనందస్థానం’ దొరికినదని లోకమంతా సంబరపడినది. అటుపై ఆ స్థానాలకు జీవం పోసే రసాయనం డోపమీన్ అని తేలిన పిమ్మట, డోపమీనే ఆనందమన్నారు. ఆ సమీకరణం నేటికీ మన వార్తాపత్రికలలో, ఉపన్యాసాలలో చెలామణీ అవుతున్నది. కాని అది నిలువలేదు. అమెరికాలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రజ్ఞుడు 1980ల చివరినుంచి చేసిన పరిశోధనలు దానిని తలక్రిందులు చేసినవి. డోపమీన్ దాదాపు పూర్తిగా తొలగించిన ఎలుకలు ఆహారం ఎదురుగా ఉన్నా ముట్టవు. బలవంతంగా మేపకపోతే మాడి చచ్చిపోతాయి. అయితే వాటి నోటిలో తీపి చుక్క వేస్తే, మామూలు ఎలుకల మాదిరిగానే ముఖాన తృప్తి కనబరచి నాలుకతో చప్పరించినవి. అంటే రుచి తెలుస్తున్నది. దానికోసం పోవాలన్న కదలిక లేదు. అనుభవించడం వేరు, అభిలషించడం వేరు. మెదడులో ఈ రెంటి వ్యవస్థలూ వేరు. డోపమీన్ పని ముఖ్యంగా రెండవదానిలో.

చేతిలో పెడితే తింటాడు, లేచి రాడు. ఆ తల్లి ఏ ప్రయోగశాలకూ పోకుండా చెప్పినది అదియే.

ఈ శాస్త్రంలో మన దేశానికీ ఒక వాటా ఉన్నది. దానిని మనవారు తగినంతగా చెప్పుకోవడం లేదు. సర్పగంధి అనే చిన్న మొక్క, మన తూర్పు కనుమలకు పరాయిది కాదు, వేరును ఉన్మాదానికి మందుగా వాడడం నాటువైద్యులకు తరతరాల ఎరుక. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అనే వైద్యులిద్దరు ఈ మూలికను గూర్చి, ఉన్మాదానికీ రక్తపు పోటుకూ భారతీయమైన కొత్త ఔషధమని ఒక వ్యాసం ప్రకటించినారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థవారు ఆ వేరునుంచి రిసర్పీన్ అనే సారాన్ని వేరుచేసినారు. స్వీడన్ దేశీయుడైన ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు ఈ రిసర్పీన్ ఇచ్చి చూచినాడు. అవి చెవులు వాల్చి, ఉన్నచోట ఉన్నట్లే జడపదార్థాలవలె పడిపోయినవి. డోపమీన్‌గా మారే ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించగానే కొద్దిసేపట్లో లేచి తిరగసాగినవి. మెదడులో డోపమీన్‌కు స్వతంత్రమైన పని ఉన్నదని లోకానికి తెలిసినది ఆ దారిననే. ఆ కృషికి కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమానం లభించినది. మన అడవి మొక్క వేరు లేకపోతే ఆ కుందేళ్లు పడుకొనేవీ కావు, లేచేవీ కావు. రక్తపు పోటుకు రిసర్పీన్ పుచ్చుకున్నవారిలో కొందరిని తీవ్ర విషాదం ఆవరిస్తున్నదని 1950లలో వైద్యులు గమనించినారు. ఆ సంబంధం ఎంతవరకు దృఢమో అన్న విషయమై తరువాతివారు వాదించుకున్నారు గాని, మనసు కుంగడానికీ మెదడు రసాయనాలకూ పొత్తు ఉండవచ్చునన్న ఆలోచన మాత్రం అప్పటినుంచి వైద్యలోకాన్ని విడువలేదు.

ఇక బహుమానాన్ని మెదడు ఎట్లా లెక్కగడుతుందో చెప్పవలసి ఉన్నది. వుల్ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో ఒక్కొక్క డోపమీన్ కణం పలికే తీరును విన్నాడు. కోతికి అనుకోకుండా పండ్లరసం చుక్క అందితే ఆ కణాలు చటుక్కున ఉప్పొంగినవి. రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేస్తే, కొన్నాళ్లకు దీపం వెలిగినప్పుడే ఉప్పొంగినవి. రసం అందినప్పుడు చలించలేదు. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన ఆ క్షణానికి సరిగ్గా వాటి పలుకు పడిపోయినది. ఇందులోని గణితాన్ని షుల్ట్స్, పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్ 1997లో వివరించినారు. ఆ కణాలు తెలుపుతున్నది సుఖాన్ని కాదు. అనుకున్నదానికీ అందినదానికీ మధ్యగల తేడాను. ఇది మన ఇళ్లలో జరిగేదే. సంక్రాంతికి కొత్త బట్టలు కొంటానని తండ్రి మాట ఇచ్చిన పూట పిల్లవాడు ఎగిరి గంతులు వేస్తాడు. బట్టలు వచ్చిననాడు అంత గంతు ఉండదు. పండుగ వచ్చి బట్టలు రాకపోతే మాత్రం, అసలు మాటే ఇవ్వకపోయినా బాగుండేదనిపించేటంతగా ముఖం వ్రేలాడవేస్తాడు. ‘బాగా చదివితే మెచ్చుకుంటాను’ అని చెప్పి మరచిపోయే ఉపాధ్యాయుడు పిల్లవాని మెదడులో ఏమి చేస్తున్నాడో దీనినిబట్టి ఊహించుకోవచ్చును.

తీవ్రమైన విషాదరోగంలో ఈ యంత్రాంగం మందగిస్తుంది. మెచ్చుకోలు వచ్చినా, మార్కులు వచ్చినా మెదడులోని ఆ స్పందన తక్కువగా ఉండడం పరిశోధకులు పలుమారులు గమనించినారు. కష్టపడితే ఫలితం దక్కుతుందన్న లెక్క మనసులో కుదరదు. కాబట్టి ప్రతి పనీ కొండంతగా కనిపిస్తుంది. ఏ సుఖమూ రుచించని ఈ స్థితికి ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో 1896లో ‘అన్‌హెడోనియా’ అని పేరు పెట్టినాడు. దీనిని తెలుగులో ఏమనాలా అని నేను కొంతకాలం తర్జనభర్జన పడినాను. ‘నిరాసక్తత’ అన్నది కార్యాలయపు మాటవలె ఉన్నది. తీరా చూస్తే మన లాక్షణికులు వెయ్యేళ్లుగా ఆ మాటను చేతిలో పెట్టుకొని కూర్చున్నారు. మన్మథావస్థలని పది చెబుతారుగదా: చూపు కలియడం, మనసు తగులుకోవడం, సంకల్పం, ఆ తరువాతివి జాగరం, కృశత, అరతి, లజ్జాత్యాగం, ఉన్మాదం, మూర్ఛ, మరణం. ఇందులో ‘అరతి’ అంటే ఏ వస్తువుమీదా మనసు నిలువకపోవడం. కొందరు దానినే విషయనివృత్తి అన్నారు. నిద్ర చెడడం, ఒళ్లు చిక్కడం, దేనిమీదా రుచి లేకపోవడం అనే మూడింటినీ మనవారు వరుసగా ఒకచోట కూర్చినారు. నేటి వైద్యుడు విషాదరోగిని చూచినప్పుడు మొదట విచారించేవాటిలో ఈ మూడూ ఉంటాయి. వర్ణించినది విరహాన్నే కావచ్చును. చూచిన చూపు మాత్రం వైద్యుని చూపు.

అంతకంటె నన్ను ఆశ్చర్యపరచేది భరతుడు చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారి భావాల పట్టిక. పరీక్షకోసం దానిని బట్టీపట్టించడం మనకు తెలుసును. అందులో ఏమున్నదో చూడడం తక్కువ. ఆలస్యం, అంటే అలసత, ఒకటి. గ్లాని వేరొకటి. శ్రమ మరొకటి. జడత ఇంకొకటి. విషాదం, నిర్వేదం, చింత, దైన్యం దేనికదే. వాటి కారణాలు వేరు, వాటి వలన ముఖంలో, నడకలో, మాటలో కలిగే మార్పులు వేరు. రంగంమీద నటుడు ఒకదానిని మరొకదానిగా ఆడితే రసభంగమవుతుందని ఇన్ని విభజనలు చేసినారు. ఇన్ని మాటలు వారసత్వంగా పొందిన మనం తరగతి గదిలో ఎనిమిదింటికీ కలిపి ‘బద్ధకం’ అనే ఒక్క మాటతో సరిపుచ్చుకుంటున్నాము! పైగా అదే పట్టికలో ‘అవహిత్థ’ అని ఒకటున్నది: లోపలి భావాన్ని బయటికి తెలియనీయకుండా దాచడం. పదిహేనేళ్ల పిల్ల ‘ఏం లేదు మాస్టారూ, బాగానే ఉన్నాను’ అనేటప్పుడు చాలాసార్లు జరిగేది అదియే. ఉత్సాహాన్ని వీరానికి స్థాయిభావంగా నిలిపిన ఔచిత్యం కూడా ఇప్పుడు కొత్తగా అర్థమవుతున్నది. సంతోషం హర్షమనే పేరుతో వ్యభిచారి భావాలలో ఒకటి. పనికి పూనించే ఉత్సాహం దానినుంచి వేరుగా, స్థాయిగా, నిలిచినది. భరతునికి డోపమీన్ తెలుసునని నేను అనడం లేదు. మన పూర్వులకు విమానాలు తెలుసునని వాదించే పెద్దలతో నన్ను జమకట్టవద్దని మనవి. వారికి మనుషుల ముఖాలు తెలుసును, అంతే.

ఈ వ్యవస్థ మందగించడం ఒక్కటే రోగం కాదు. అతిగా ఎగసినా రోగమే. మానియా అనే ఉద్రేకావస్థలో బహుమానం మీది ఆశ హద్దు మీరుతుంది. నిద్ర అక్కరలేదు, అప్పు భయం లేదు, తలపెట్టినదల్లా జయమే అనిపిస్తుంది. స్కిజోఫ్రెనియాలో జరిగేది మరింత చిత్రం. ఏది ముఖ్యమో ఏది కాదో ముద్ర వేయడం కూడా డోపమీన్ పనే గనుక, అది అకాలంలో, అస్థానంలో ఉబికితే అల్పవిషయాలకు అనల్పమైన అర్థం అంటుకుంటుంది. వీధిలో ఎవరో దగ్గితే అది తనకు సంకేతమనిపిస్తుంది. పత్రికలోని ప్రకటన తనను గురించే వ్రాసినట్లు తోస్తుంది. రోగి ఆ అర్థాలను పొసగించడానికి కల్పించుకున్న కథే ఆయన భ్రాంతి అని మన దేశంలో పుట్టిన మనోవైద్యుడు శితిజ్ కపూర్ 2003లో ప్రతిపాదించినారు. ఈ రోగానికి 1952లో ఫ్రాన్సులో వాడుకకు వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ మొదలుకొని నేటిదాకా వచ్చిన మందులలో అత్యధికభాగం డోపమీన్ పలుకును అణచేవే. ఇక వ్యసనం సంగతి. సారా గాని, గంజాయి గాని, పొగాకు గాని మెదడులోని ఈ లెక్కల పుస్తకాన్ని దొంగలెక్కలతో నింపుతాయి. అలవాటు ముదిరినకొద్దీ కోరిక పెరుగుతుంది, సుఖం తరుగుతుంది. ‘ఇప్పుడు అందులో మజా ఏమీ లేదండి, అయినా మానలేను’ అని తాగుబోతు చెప్పే మాటను మనం బుకాయింపుగా కొట్టివేస్తాము. అది అక్షరాలా నిజం. మా విశాఖ న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు ‘ఆరు సారా కథలు’ వ్రాసిననాడు ఈ శాస్త్రం ఇంకా పొత్తిళ్లలో ఉన్నది. ఆయన వేలుపెట్టి చూపినది సారాతో డబ్బు చేసుకొనే వ్యవస్థను. ఆ చూపు నేటికీ అవసరమే. మెదడును మాత్రమే చూచి అంగడిని చూడకపోతే సగమే చూచినట్లు. చరవాణిని కూడా ఇదే గాటన కట్టే తొందర మాత్రం నాకు లేదు. పిల్లవాడు గంటలకొద్దీ దానిలో తల దూర్చినాడంటే, తప్పించుకోదలచినది దేనినో ముందు అడగాలి.

భావోద్వేగాల విషయంలో, ముఖ్యంగా భయంలో, మెదడులోని బాదంగింజ ఆకారపు చిన్న భాగం ఒకటి ముఖ్యపాత్ర వహిస్తుంది. దానికి పెట్టిన ‘ఎమిగ్డలా’ అనే పేరుకు గ్రీకులో బాదమనే అర్థం. ఒకసారి ప్రాణభయం కలిగినప్పటి చప్పుడును, వాసనను, వెలుగును అది గట్టిగా ముడివేసి ఉంచుతుంది. నుదుటి వెనుకనున్న భాగం ‘ఇప్పుడు అపాయం లేదు’ అని నచ్చజెప్పి దానిని శాంతింపజేస్తుంది. ఆ నచ్చజెప్పడం కుదరనప్పుడు భయం రోగమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంపై విరుచుకుపడిన పగలును ఎరిగినవారికి, 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంనుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుగురు మరణించిన వేళ పిల్లలను ఎత్తుకొని పరుగెత్తినవారికి ఈ మాటలు విడమరచి చెప్పనక్కరలేదు. తలుపు గాలికి కొట్టుకున్నా, ఏదో ఘాటువాసన సోకినా గుండె దడదడలాడడం పిరికితనం కాదు. ఆ పల్లెల పిల్లలు మన తరగతులలోనే ఉన్నారు.

‘మనసు దిటవు చేసుకో’ అని మనం సలహా ఇస్తాము. ఉక్కునగరం గనుక ఇక్కడ ‘ఉక్కుగుండె చేసుకో’ అనికూడా అంటారు. ఉక్కు ఎట్లా తయారవుతుందో ఆ కర్మాగారంలో పనిచేసేవారి పిల్లలకు తెలుసును. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులు మూడింటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కని పేర్లు పెట్టినారు. కొలిమిలో ఇనుపఖనిజం ఉన్నది, కోకు ఉన్నది, సున్నపురాయి ఉన్నది. క్రిందినుంచి వేడిగాలి కొట్టకపోతే చుక్క ఇనుము కూడా కారదు. అప్పుడు ఖనిజాన్ని తిట్టి ప్రయోజనమేమి? విషాదరోగంలో పడిన పిల్లవానికి తెలివి పోలేదు, జ్ఞాపకం చాలావరకు పోలేదు, మంచితనం పోలేదు. గాలి ఆగినది. సంకల్పాన్ని పుట్టించే యంత్రమే చెడినప్పుడు సంకల్పించుకొని బాగుపడమనడం, కాలు విరిగినవానిని వైద్యుని ఇంటిదాకా పరుగెత్తుకొని రమ్మనడం వంటిది.

ఇంత చెప్పినతరువాత ఒక హెచ్చరిక కూడా అవసరం. మనసంటే రసాయనాల మిశ్రమమేనని, ఒకటి తగ్గితే దుఃఖం, ఒకటి పెరిగితే సుఖమని కొందరు కొత్తగా నేర్చిన ఉత్సాహంతో చెబుతున్నారు. శాస్త్రం అంత చౌకగా లేదు. మెదడు చిత్రం తీసి ‘ఇదిగో విషాదరోగం’ అని చూపే పరీక్ష నేటికీ లేదు. ఇంతవరకు చెప్పిన ఫలితాలు చాలామందిని కలిపి చూచినప్పటి సగటులు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, డోపమీన్ పుట్టించేవి కొద్ది లక్షలు మాత్రమే. వాటిని ఉర్రూతలూగించేదీ కుంగదీసేదీ బయటి లోకం కూడా. ఇంట్లో తండ్రి తాగి కొడుతుంటే, రాత్రి షిఫ్టుల మూలాన ఇంటిల్లిపాదికీ నిద్ర కరువైతే, బడిలో కులం పేరెత్తి నవ్వుతుంటే, ఆ పిల్లవాని మెదడులో ఏర్పడిన లోటును మందుబిళ్లతో మాత్రమే పూడ్చబోవడం అన్యాయం. అట్లాగని మందులు వలదనే మూర్ఖత్వం ఇంకా పెద్ద అన్యాయం. 2001 ఆగస్టు 6న తమిళదేశంలోని ఎర్వాడిలో మందుకు మారుగా గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు 28 మంది నిప్పులో తగులబడిపోయినారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించినది. చికిత్సను హక్కు చేసినది. చట్టం వచ్చినంతమాత్రాన చికిత్స అందదనుకోండి. 2015–16లో పన్నెండు రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. రుగ్మతనుబట్టి నూటికి డెబ్బదినుంచి తొంబదిరెండు మందిదాకా చికిత్స అందనివారే. ఆ పన్నెండింటిలో మన తెలుగు రాష్ట్రాలు లేవు. ఉన్నా లెక్క ఎంతో మారుతుందని నేననుకోను.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు; కాబోవడం కూడా ప్రమాదమే. ఆయనకు వైద్యునికి లేని సౌకర్యమొకటి ఉన్నది. వైద్యుడు రోగిని పది నిమిషాలు చూస్తాడు. ఉపాధ్యాయుడు ఏడాదికి రెండువందల రోజులకు పైగా చూస్తాడు. మార్పును పట్టుకోగలవాడు ఆయనే. పుట్టుబద్ధకస్థుడు పని తప్పించుకొని ఆటకు పోతాడు, సినిమాకు పోతాడు. అరతిలో పడినవాడు ఆటకూ పోడు, సినిమాకూ పోడు. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం తెలిసినట్లే. రెండు వారాలు దాటి అట్లాగే ఉంటే, నిద్రా తిండీ చెడితే, ‘నేనెందుకూ పనికిరాను’ అన్న మాట నోట వస్తే, తల్లిదండ్రులను పిలిపించి వైద్యుని దగ్గరకు పంపడం మన విధి. చచ్చిపోతానన్న మాట వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగరాదు. అటువంటి మాట అనేవాడు చేయడని మనలో ఒక నమ్మకం ఉన్నది. అది పూర్తిగా అబద్ధం. సూటిగా, మెల్లగా అడగడం వలన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన మరునాడు పత్రిక తెరవడానికి భయపడని ఉపాధ్యాయుడు మన రాష్ట్రంలో ఉన్నాడా?

ఈ సందర్భంలో మనోవైద్యులు వాడే ఒక పద్ధతి మన చేతికి కూడా అందేదే. మనసు బాగైన తరువాత పని చేయవచ్చునని కూర్చోకుండా, చిన్న పని ముందు చేయించి, దాని వెంట మనసును రానీయడం ఆ పద్ధతి. పద్యం అప్పజెప్పమనడం పెద్ద పని. సుద్దముక్క తెచ్చిపెట్టమనడం చిన్నది. తెచ్చినప్పుడు ‘తెచ్చినావా, మంచిది’ అన్న మాట ఆ క్షణానే అనాలి. సాయంత్రం అంటే ఆ కణాలకు అది చేరదు. రేపు రెండు పంక్తులు వ్రాయమనవచ్చును, ఎల్లుండి నాలుగు. అందరి ఎదుటా పొగడి సిగ్గుపరచనక్కరలేదు. ఇది చికిత్సకు బదులు కాదు, చికిత్సకు తోడు. మెదడులో నుదుటి భాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇంచుమించు ఇరవై ఐదేళ్లు పడుతుందని చెబుతున్నారు. అంటే మన ఎదుట బల్లలమీద కూర్చున్నవారందరిలోనూ అది ఇంకా నిర్మాణదశలోనే ఉన్నదన్నమాట.

విద్యార్థులతో కూడా ఒక మాట. మీ పక్క బల్లమీది స్నేహితుడు మాటాడడం మానివేస్తే, పొగరెక్కినదనుకొని మీరూ మానివేయకండి. వానితోపాటు ఇంటిదాకా నడవండి, మాటలాడకపోయినా ఫరవాలేదు. వాడు రహస్యమని చెప్పినది ప్రాణానికి సంబంధించినదైతే, ఆ రహస్యాన్ని పెద్దవారెవరికైనా చెప్పివేయడమే స్నేహధర్మం.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ‘టెలి మానస్’ అనే సేవను ప్రారంభించినది. 14416 అనే సంఖ్యకు పగలుగాని రాత్రిగాని ఎవరైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును, రుసుము లేదు. మన పాఠశాలల గోడలమీద పరీక్షల కాలపట్టిక, ర్యాంకులు తెచ్చినవారి ఛాయాచిత్రాలు, ఫీజు గడువు తేదీలు ఎంతో ముచ్చటగా అతికించి ఉంటాయి. వాటి ప్రక్కన ఈ ఐదు అంకెలు పట్టేటంత చోటు ఏ గోడమీదనైనా ఉంటుంది. సుద్దముక్కతో వ్రాసినా చాలును.